డీవీడీ మారలేదు, మారింది ఫోను

కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మూల ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. మీ వీడియో సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది, పాత కస్టమర్లకు సగం ధరకే, ఇంకా రెండు రోజులే గడువు అంటుంది. వారం పోయాక చూస్తే అదే కిటికీ, అవే రెండు రోజులు. పెళ్ళిళ్ళు, బారసాలలు, షష్టిపూర్తుల వీడియోలను ఇంట్లోనే కత్తిరించి, కూర్చి, డిస్కులు చేసి బంధువులకు పంచే అలవాటున్నవాళ్ళకు ఈ కిటికీ బాగా పరిచయం. ఎప్పుడో కొన్న నీరో, పినకిల్ స్టూడియో, కోరెల్ వీడియోస్టూడియో, పవర్‌డైరెక్టర్ లాంటిదేదో వాళ్ళ దగ్గర ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. పనిచేస్తున్నదాన్ని మార్చాలా? మార్చకపోతే ఏదైనా పోగొట్టుకుంటామా?

కొత్తదానిలో ఏమేం ఉన్నాయో చూసి తేల్చుకుందామనుకుంటే ఎటూ తేలదు. కంపెనీ ఇచ్చే జాబితా ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది. వందల ట్రాన్సిషన్లు, కృత్రిమ మేధతో ఆకాశం రంగు మార్చడం, బొమ్మలు ఎగిరే టైటిళ్ళు అన్నీ అందులో ఉంటాయి. వాటిలో ముప్పావు వంతు మనం ఒక్కసారి నొక్కి చూసి వదిలేసేవే. జాబితా పక్కన పెట్టి మన దగ్గర ఏ పని ఆగిపోయిందో చూసుకోవాలి. ఆ సంగతి తేలాలంటే ముందు ఆ సాఫ్ట్‌వేర్ డబ్బాలో ఏముందో తెలియాలి.

అందులో నిజానికి రెండు వేర్వేరు పనిముట్లున్నాయి. ఒకటి ఎడిటర్. వీడియో ముక్కల్ని తెరిచి, కోసి, వరుసలో పెట్టి, పాట కలిపి, పేర్లు వేసేది అది. రెండోది డిస్కు తయారుచేసేది. పూర్తయిన వీడియోను డీవీడీ ప్లేయర్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చి, మెనూ పెట్టి, ‘తలంబ్రాలు’, ‘అప్పగింతలు’ అని చాప్టర్లు విడగొట్టి, ఖాళీ డిస్కు మీద రాసేది అది. క్యామ్‌కార్డర్ టేపు లోపలికి వెళ్ళి డీవీడీ బయటికి వచ్చే కాలంలో ఈ రెండూ కలిపి అమ్మడంలో అర్థముంది. ఇప్పుడు వాటి దారులు వేరైపోయాయి. ఎడిటర్ పని ఫోన్లతో, కెమెరాలతో పాటు ఏటా మారుతోంది. డిస్కు పని దాదాపు ముప్పై ఏళ్ళుగా ఉన్నచోటే ఉంది. ఒకే డబ్బాలో వచ్చాయి కదా అని రెండింటినీ కలిపి మార్చాలనో, కలిపి అట్టేపెట్టుకోవాలనో అనుకోవడం దగ్గరే చాలామంది డబ్బో సమయమో వృథా అవుతుంది.

డిస్కు సంగతి

డీవీడీ ప్లేయర్లు మొదట జపాన్‌లో 1996 నవంబరులో అమ్మకానికొచ్చాయి. డీవీడీ వీడియోకి అప్పుడు రాసుకున్న నియమాలే ఈనాటికీ చెల్లుతున్నాయి. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 వరుసల ఎత్తు, సెకనుకు 25 ఫ్రేములు. కుదింపు ఎంపెగ్-2 పద్ధతిలో జరగాలి. బొమ్మకు సెకనుకు 9.8 మెగాబిట్లకు మించి ఖర్చు చేయకూడదు. మామూలు డిస్కులో పట్టేది 470 కోట్ల బైట్లు. కవరు మీద 4.7 జీబీ అని రాసి ఉన్నా విండోస్ 4.37 అని చూపిస్తుంది. లెక్కించే పద్ధతిలో తేడా తప్ప అమ్మినవాడు చేసిన మోసమేం లేదు.

డిస్కు నాణ్యత గురించి తెలియాల్సిందంతా దాదాపు ఈ అంకెల్లోనే ఉంది. ఒక గంట వీడియోకి సెకనుకు 8 మెగాబిట్లు ఇస్తే 3.6 జీబీ అవుతుంది. హాయిగా పడుతుంది, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. అదే డిస్కులో రెండు గంటలు పెట్టాలంటే సెకనుకు 5కి దిగాలి. అదీ ఫరవాలేదు. మూడు గంటలు కుక్కితే మూడున్నర కూడా మిగలదు. అప్పుడు మొదట చెడేది ఏ దృశ్యమో ముందే చెప్పవచ్చు: తలంబ్రాలు. వందల బియ్యపు గింజలు తలోదారిన రాలుతుంటే ఏ ఫ్రేముకీ దాని ముందు ఫ్రేముతో పోలిక ఉండదు. ఎంపెగ్ కుదింపంతా ఆ పోలిక మీదే బతుకుతుంది. అందుకే వధూవరుల ముఖాలు గళ్ళుగళ్ళుగా విరిగిపోతాయి. హోమం పొగ, పట్టుచీర జరీ మెరుపు, తిరునాళ్ళ జనం కూడా ఇదే కోవలోవి. వెర్షన్ ఎంత కొత్తదైనా ఈ లెక్కను దాటలేదు. రెండు డిస్కులు చేయాలి, లేదా 8.5 జీబీ పట్టే రెండు పొరల డిస్కు కొనాలి, లేదా భోజనాల దృశ్యం కాస్త కత్తిరించాలి. మూడోది చేస్తే చూసేవాళ్ళు దీవిస్తారు.

డిస్కు వైపు నిజంగా చూసుకోవాల్సింది ఒక్కటుంది. పాత చౌక ఎడిషన్లు కొన్ని శబ్దాన్ని కుదించకుండానే రాసేవి. డాల్బీ లైసెన్సుకు రుసుము కట్టాలి కాబట్టి ఆ సౌకర్యాన్ని పెద్ద ఎడిషన్లకు అట్టేపెట్టేవారు. కుదించని స్టీరియో శబ్దం సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లు తినేస్తుంది. డాల్బీ డిజిటల్‌లో అయితే 0.2 సరిపోతుంది. రెండు గంటల డిస్కులో బొమ్మకు దక్కే ఐదు మెగాబిట్లలో పావు వంతుకు పైగా ఇలా పోతుందన్నమాట. మీ సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని పీసీఎంగా, అంటే కుదించకుండా, మాత్రమే రాస్తుంటే దాన్ని మార్చవలసిందే. అయితే దానికి డబ్బు పెట్టనక్కర్లేదు. డాల్బీ డిజిటల్ పేటెంట్ల గడువు 2017లో, అమెరికాలో ఎంపెగ్-2 పేటెంట్ల గడువు 2018లో ముగిశాయి. డీవీడీస్టైలర్ అనే ఉచిత ప్రోగ్రాం మెనూలు, చాప్టర్లు, డాల్బీ శబ్దంతో సహా డీవీడీని తయారుచేసి ఐఎస్ఓ ఫైలుగా ఇస్తుంది. దాని మెనూలు కాస్త పాతకాలపు శుభలేఖల్లా ఉంటాయి, అంతే. ఆ ఐఎస్ఓ ఫైలును డిస్కు మీద రాయడానికి విండోస్ 7 నుంచి విండోస్‌లోనే సదుపాయముంది. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాం కూడా ఉంది. దాని చివరి వెర్షన్ వచ్చింది 2013లో. ఇప్పటికీ జనం దాన్ని వాడుతున్నారంటే డిస్కు రాసే పని ఎంత నిలకడైనదో చూడండి. దాన్ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం పక్కన అంటగట్టే అనవసరపు ప్రోగ్రాంల టిక్కులు తీసేయాలి.

కొత్తది కొంటే డిస్కు సౌకర్యం మెరుగుపడుతుందని నమ్మేవాళ్ళకు ఇంకో విషయం చెప్పాలి. అది అసలు లేకుండానే పోవచ్చు. విండోస్ విస్టాలో, 7లో ఉన్న డీవీడీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ విండోస్ 8లో తీసేసింది. ఆపిల్ వారి ఐడీవీడీ ఐలైఫ్ 11తో ఆగిపోయింది. అడోబీ ఎన్‌కోర్ 2012 నాటి సీఎస్6తో ముగిసింది. ఈరోజు అడోబీ ప్రీమియర్ ప్రోకి నెలనెలా డబ్బు కట్టినా, డావించి రిజాల్వ్‌ను ఉచితంగా తెచ్చుకున్నా, రెండూ గొప్ప ఎడిటర్లే గానీ మెనూ ఉన్న డీవీడీని మాత్రం చేసిపెట్టవు. కాబట్టి డబ్బు కట్టేముందు డీవీడీ వీడియో, మెనూలు, చాప్టర్లు అన్న మాటలు సౌకర్యాల పట్టికలో స్పష్టంగా ఉన్నాయో లేదో వెతకండి. ‘డిస్కు మీద రాస్తుంది’ అని మాత్రమే ఉంటే చాలదు. ఎంపీ4 ఫైలును డిస్కులోకి కాపీ చేయడమూ డిస్కు మీద రాయడమే. ఊళ్ళో పెద్దమ్మగారి పాత ప్లేయర్ మాత్రం దాన్ని చూసి నోరు విప్పదు.

బ్లూరే ఎడిషన్ కోసం ఎక్కువ ధర పెట్టాలా అంటే, ఇంట్లో బ్లూరే ప్లేయర్ ఉండి దాన్ని నిజంగా వాడుతుంటే తప్ప వద్దనే చెబుతాను. మన ఇళ్ళలో అది ఎప్పుడూ సరిగ్గా కుదురుకోలేదు. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. మన దేశంలో డిస్కులకు మారుపేరుగా ఉండి, తెలుగు సినిమాల వీసీడీలను, డీవీడీలను చౌకగా ఇంటింటికీ చేర్చిన మోసర్ బేర్ అయితే 2018లోనే లిక్విడేషన్‌కి వెళ్ళింది. ఖాళీ డీవీడీలు ఇంకా దొరుకుతున్నాయి. కానీ ఈ రంగంలో కొత్తగా పెట్టుబడి పెట్టే కాలం మాత్రం కాదిది.

ఫోను తెచ్చిన తంటా

ఇక ఎడిటర్ వైపు చూద్దాం. పాత సాఫ్ట్‌వేర్ నిజంగా చేతులెత్తేసేది ఇక్కడే. అలా చేతులెత్తేయడానికి కారణాలు మూడు. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి విడదీసి చూడాలి.

మొదటిది ఫైలు తెరుచుకోకపోవడం. మేనకోడలు తన ఐఫోన్‌లో తీసిన వీడియో పంపింది. మీ ఎడిటర్‌లో శబ్దం వస్తుంది, బొమ్మ రాదు, లేదా ఫైలు చెడిపోయిందన్న సందేశం వస్తుంది. ఫైలు చెడిపోలేదు. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు హెచ్ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతిలో వీడియో తీయగలుగుతున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలోనూ ఆ సదుపాయముంది. అంతకు ముందు తయారైన ఎడిటర్లకు ఆ భాష సరిగా రాదు. దీనికి ఖర్చు లేని మందు ఫోన్లోనే ఉంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, కెమెరాలో ఫార్మాట్స్ తెరిచి, ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఇక తీసే మామూలు వీడియోలన్నీ పాత హెచ్.264 పద్ధతిలో వస్తాయి. ఆండ్రాయిడ్‌లో కెమెరా సెట్టింగుల్లో ఇలాంటిదే ఉంటుంది. పెళ్ళికి వారం ముందు కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఈ ముక్క చెప్పి, తీసిన వీడియోలను ఆ వాట్సాప్‌లోనే మామూలుగా పంపవద్దని కూడా చెప్పండి. అలా పంపితే బొమ్మ మళ్ళీ కుదించుకుపోతుంది. డ్రైవ్ లింకుగా గానీ, కేబుల్ పెట్టి గానీ తీసుకోవాలి.

రెండోది శబ్దం జారిపోవడం. ఇది కనిపెట్టడం కష్టం. ఫైలు తెరుచుకుంటుంది, మొదటి ఐదు నిమిషాలు అంతా బాగానే ఉంటుంది. అరగంట దాటేసరికి మూడు ముళ్ళూ పడిపోయాక గానీ గట్టిమేళం వినిపించదు. కారణం ఇది. క్యామ్‌కార్డర్ సెకనుకు కచ్చితంగా 25 ఫ్రేములే తీసేది. ఫోను అలా కాదు. వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. సగటున 30 అంటుంది గానీ ఏ సెకనులో ఎన్ని తీసిందో దాని ఇష్టం. ఫ్రేములు సమానంగా వస్తాయని నమ్మి రాసిన పాత ఎడిటర్‌లో ఆ లెక్క తప్పేసరికి బొమ్మ ఒకదారి, శబ్దం ఒకదారి పడతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరిచి, వీడియో విభాగంలో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని, హెచ్.264లోకి మార్చి, ఆ ఫైలును ఎడిటర్‌కి ఇస్తే మేళం సరిగ్గా ముడి దగ్గరికే వస్తుంది. ఇలా మార్చిన ఫైలుకి హెచ్ఈవీసీ సమస్య కూడా దానంతటదే పోతుంది.

అయితే ఈ మార్పిడికి సమయం పడుతుంది, ప్రతి మార్పిడికీ బొమ్మ కాస్తయినా నలుగుతుంది. ఏడాదికి ఒకటో రెండో వేడుకలు చేసేవాళ్ళకు ఇది పెద్ద లెక్క కాదు. నెలనెలా ఇంట్లోవాళ్ళ ఫోన్ల నుంచి వీడియోలు పోగుచేసి కూర్చేవాళ్ళు మాత్రం ఎడిటర్ మార్చుకోవడమే మంచిది. కంపెనీ జాబితాలో ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉండే ‘వేరియబుల్ ఫ్రేమ్‌రేట్ సపోర్ట్’ అన్న ఒక్క ముక్క ఆ వందల ట్రాన్సిషన్లన్నిటికంటే విలువైనది.

మూడో కారణం నెమ్మది. ఫైలు తెరుచుకుంటుంది, శబ్దమూ కుదురుతుంది, కానీ టైమ్‌లైన్ మీద వేలు పెడితే కంప్యూటర్ ఆయాసపడుతుంది. ఇక్కడే చాలామంది అనవసరంగా సాఫ్ట్‌వేర్ కొంటారు. కొత్త వెర్షన్లు వీడియోను విప్పే భారాన్ని ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ భాగం మీదికి నెట్టగలవు, నిజమే. కానీ ఆ భాగానికి హెచ్ఈవీసీ తెలిసి ఉండాలి కదా. ఇంటెల్ ప్రాసెసర్లలో అది 2015లో వచ్చిన ఆరో తరం నుంచి ఉంది. ఐఫోన్ హెచ్‌డీఆర్ వీడియోలు వాడే 10 బిట్ల రకానికి ఏడో తరం కావాలి. మీ కంప్యూటర్ నాలుగో తరం ఐ5 అయితే ఏ కంపెనీ కొత్త వెర్షన్ కొన్నా అది పరుగెత్తదు. ఆ డబ్బు కంప్యూటర్ కోసం దాచుకోవడం మేలు. ఈలోగా ప్రాక్సీ పద్ధతి ఉంది. ఎడిటర్ ప్రతి వీడియోకూ చిన్న నకలు చేసుకుని, కోతలన్నీ ఆ నకళ్ళ మీద చేయించి, చివర్లో అసలు ఫైళ్ళతో తుది వీడియో తయారుచేస్తుంది. డావించి రిజాల్వ్‌లో, షాట్‌కట్‌లో ఈ సౌకర్యం ఉచితంగానే దొరుకుతుంది. మీ పాత ఎడిటర్‌లోనూ ఉందేమో మెనూల్లో ఒకసారి వెతకండి, అప్పటివే కొన్నిటిలో ఉంది.

4కె గురించి కూడా ఇక్కడే ఒక మాట. 4కె బొమ్మలో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. పాల్ డీవీడీలో 4 లక్షల 15 వేలు. సరిగ్గా ఇరవయ్యో వంతు. అంటే 4కెలో తీసి డీవీడీ చేస్తే ఇరవై చుక్కల్లో పంతొమ్మిదిని పారేస్తున్నామన్నమాట. డిస్కు కోసమే చేసేవాళ్ళకు 4కె ఎడిటింగ్ అనవసరపు బరువు. ఫోనును ముందే ఫుల్ హెచ్‌డీకి మార్చి తీయమనడం తెలివైన పని. పెన్‌డ్రైవులో పెట్టి పెద్ద టీవీలో చూసుకునేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు 4కె దక్కుతుంది. వాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. చాలా పెన్‌డ్రైవులు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి, దాంట్లో 4 జీబీ దాటిన ఒకే ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మారిస్తే పడుతుంది గానీ పాత టీవీలు దాన్ని చదవకపోవచ్చు. వీడియోను రెండు మూడు భాగాలుగా చేయడమే అందరికీ నప్పే దారి.

తెలుగు టైటిళ్ళు

ఏ కంపెనీ జాబితాలోనూ కనిపించని సమస్య ఒకటి మనకుంది. వీడియో మీద తెలుగులో పేర్లు వేయడం. పాత ఎడిటర్ల టైటిల్ పనిముట్లు చాలావాటికి యూనికోడ్ తెలుగును కూర్చడం రాదు. ‘లక్ష్మి’ అని టైపు చేస్తే ఒత్తులు విడివిడిగా పక్కన పడతాయి, ‘శ్రీ’ విరిగిపోతుంది. అందుకే స్టూడియోలవాళ్ళు ఏళ్ళ తరబడి అను ఫాంట్ల మీద ఆధారపడ్డారు. వాటిలో తెలుగు ముక్కలు మామూలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి ఏ పాత ప్రోగ్రాం అయినా వాటిని యథాతథంగా చూపించేది. కొత్త ఎడిటర్లలో పరిస్థితి మెరుగే, కానీ అన్నిటిలోనూ కాదు. ఒకే ప్రోగ్రాంలో ఒక టైటిల్ పనిముట్టు తెలుగు సరిగ్గా రాసి, పక్కనే ఉన్న త్రీడీ టైటిల్ పనిముట్టు తప్పు రాయడం కూడా జరుగుతుంది.

కాబట్టి ట్రయల్ వెర్షన్‌లో మొట్టమొదట చేయాల్సిన పరీక్ష ఇది. ‘శ్రీలక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’, ‘కృష్ణమూర్తి’ అని మూడు మాటలు టైపు చేసి చూడండి. మూడూ సరిగ్గా వస్తే ఆ ప్రోగ్రాంకి తెలుగు వచ్చినట్టే. రాకపోతే అందుకోసం డబ్బు ఖర్చు పెట్టడంలో అర్థం లేదు. పేరును వేరే ప్రోగ్రాంలో రాసి, వెనుక రంగు లేకుండా పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని టైమ్‌లైన్ మీద పెడితే అరుదుగా టైటిళ్ళు వేసేవాళ్ళకు సరిపోతుంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ ఈ పని చక్కగా చేస్తుంది. ప్రతి వీడియోలో ముప్పై నలభై పేర్లు వేసేవాళ్ళకు మాత్రం ఇది నరకం. తెలుగు సరిగ్గా రాసే ఎడిటర్ దొరికితే వాళ్ళు మారు ఆలోచించకుండా మారిపోవచ్చు.

అమెరికాలో ఉన్న బంధువులు

డల్లాస్‌కో న్యూజెర్సీకో డిస్కు పంపి, అక్కడ ఆడలేదని ఫోను వస్తే తప్పు సాఫ్ట్‌వేర్‌దని అనుకోవడం మామూలే. సాధారణంగా అది పాల్, ఎన్టీఎస్సీ గొడవ. అమెరికా పద్ధతి ఎన్టీఎస్సీ. దాంట్లో 480 వరుసలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. అక్కడి ప్లేయర్లు చాలావాటికి పాల్ డిస్కు రాదు. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు మాత్రం సాధారణంగా రెండూ ఆడతాయి. దీనికి తోడు ఫోన్లు తీసేదే 30 ఫ్రేముల చొప్పున. దాన్ని పాల్ కోసం 25కి దించితే కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ చిన్నగా కుదుపుతుంది. ఫోను వీడియోలతో చేసే డిస్కును ఎన్టీఎస్సీలో చేస్తే వరుసలు కాస్త తగ్గుతాయి గానీ కదలిక సాఫీగా ఉంటుంది, ఇక్కడా అక్కడా ఆడుతుంది. మీ పాత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు సెట్టింగుల్లో ఈ ఎంపిక కచ్చితంగా ఉంటుంది. కొత్త వెర్షన్ కొని సాధించాలనుకున్న మెరుగుదల కొందరికి ఈ ఒక్క మార్పుతోనే దొరుకుతుంది.

కదిలించకూడని యంత్రం

బీరువాలో మినీడీవీ క్యాసెట్లో వీహెచ్ఎస్ టేపులో ఇంకా ఉన్నవాళ్ళకు నా సలహా వేరుగా ఉంటుంది. ఫైర్‌వైర్ కార్డుతో, పాత విండోస్‌తో, పాత సాఫ్ట్‌వేర్‌తో టేపులను లోపలికి తీసుకునే కంప్యూటర్ ఒకటి ఇంట్లో పనిచేస్తుంటే దాని జోలికే వెళ్ళొద్దు. కొత్త వెర్షన్ ఎక్కించాక టేపు నుంచి తీసుకునే సౌకర్యం కనిపించకుండా పోతే తిరిగి తెచ్చుకోవడం కష్టం. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఫైర్‌వైర్ రంధ్రమే లేదు. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. సోనీ మినీడీవీ క్యాసెట్లను కూడా 2025లో ఆపింది. టేపు ఆడించే యంత్రాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. మినీడీవీ గంటకు 13 జీబీ తీసుకుంటుంది. నలభై క్యాసెట్లున్నా మొత్తం సగం టీబీకి కాస్త పైన. ముందు అవన్నీ కుదించకుండా అలాగే హార్డ్‌డిస్కు మీదికి ఎక్కించండి, ఇంకో హార్డ్‌డిస్కులో నకలు పెట్టుకోండి. డీవీడీ అనేది పంచడానికి పనికొస్తుంది, దాచడానికి కాదు. ఇంట్లో రాసిన డిస్కులో సమాచారమంతా పలచటి రంగు పొర మీద ఉంటుంది, అది ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కదా, ఆ పాత కంప్యూటర్‌ను ఉంచుకోవడం ప్రమాదం కాదా అంటారు. నెట్‌కి తగిలించకుండా టేపులకూ డిస్కులకూ మాత్రమే వాడుకుంటే భయపడేదేం లేదు. మ్యాక్ వాడేవాళ్ళకు ఈ వెసులుబాటు తక్కువ. 2019లో వచ్చిన కాటలీనాతో ఆపిల్ 32 బిట్ల ప్రోగ్రాంలను ఆపేసింది. ఐడీవీడీ లాంటివి దాని మీదా, ఆ తర్వాతి మ్యాక్‌ఓఎస్‌ల మీదా తెరుచుకోవు. ఆ పాత మ్యాక్‌ను అప్‌డేట్ చేయకుండా ఉంచుకోవడమే వాళ్ళకున్న దారి.

డబ్బు, ఆ తర్వాత

ఇన్ని చూశాక ఎడిటర్ మార్చాలనే తేలిందనుకుందాం. ఒకసారి కొని ఉంచుకునే లైసెన్సా, ఏటా కట్టే చందానా? చందా ఆగిన రోజున మీ పాత ప్రాజెక్టులు తెరవడం కూడా కష్టమవుతుంది. మూడేళ్ళ కిందటి పెళ్ళి వీడియోలో ఒక పేరు తప్పు పడిందని గమనించి దిద్దాలనుకుంటే మళ్ళీ చందా కట్టాలి. ఏడాదికి రెండు వీడియోలు చేసే ఇంటికి చందా అనవసరమని నా గట్టి అభిప్రాయం. కట్టదలచుకున్నవాళ్ళు దానంతటదే రెన్యువల్ అయ్యే ఏర్పాటును కొన్న రోజే తీసేయాలి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం కార్డు నుంచి అలా డబ్బు తీసే ముందు 24 గంటలైనా ముందుగా మీకు సందేశం రావాలి. ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని చెరిపేయకండి.

ఒకసారి కొనే లైసెన్సుల్లోనూ ప్రతి ఏటి వెర్షన్ కొననక్కర్లేదు. పాత కస్టమర్లకు ఇచ్చే తగ్గింపు ధర మూడు నాలుగు వెర్షన్లు వదిలేసినవాళ్ళకూ సాధారణంగా వర్తిస్తుంది. మీ పాత వెర్షన్ వర్తిస్తుందో లేదో ఆ పేజీలోనే రాసి ఉంటుంది, చదివి చూడండి.

కొనేముందు ట్రయల్‌తో ఒక సాయంత్రం గడపండి. కంపెనీ ఇచ్చే అందమైన నమూనా వీడియోలు వద్దు. మీ దగ్గరున్న వాటిలోకెల్లా మొండి ఫైళ్ళు తీసుకోండి. రాత్రి రిసెప్షన్‌లో తక్కువ వెలుతురులో అరగంట పాటు తీసిన ఫోను వీడియో ఒకటి, ఐఫోన్‌ది ఒకటి, పాత క్యామ్‌కార్డర్ ముక్క ఒకటి, నిలువుగా తీసింది ఒకటి. నిలువు వీడియో డీవీడీలో రెండు వైపులా నల్లపట్టీలతో మధ్యలో సన్నగా నిలబడుతుంది. కొత్త ఎడిటర్లు ఆ ఖాళీని అదే బొమ్మను మసకచేసి నింపుతాయి. ఒక తెలుగు టైటిల్, ఒక తలంబ్రాల దృశ్యం చేర్చండి. అరగంట చివర శబ్దం కలుస్తోందో లేదో చూసి, డిస్కు సౌకర్యం ట్రయల్‌లో తెరిచి ఉంటే ఐఎస్ఓగా చేయించి, వీఎల్‌సీలో ఆడించండి. కొన్ని ట్రయల్స్‌లో డిస్కు భాగాన్ని మూసి ఉంచుతారు. అది తెరిచి చూసే వీలు లేకపోతే ఎడిటర్ వరకే దాన్ని తీసుకుని, డిస్కు పనిని పాతదానికో డీవీడీస్టైలర్‌కో వదిలేయండి. ఆఖరి పరీక్షకు మళ్ళీ మళ్ళీ రాసుకునే డీవీడీ ఆర్‌డబ్ల్యూ వాడి, ఎవరి కోసం డిస్కు చేస్తున్నారో వాళ్ళ ఇంటి ప్లేయర్‌లోనే పెట్టి చూడండి. కొన్ని పాత ప్లేయర్లకు ఆర్‌డబ్ల్యూ పడదు, అప్పుడు మామూలు డీవీడీ ఆర్ ఒకటి ఖర్చు పెట్టక తప్పదు.

కొన్నాక పాతదాన్ని వెంటనే తీసేయకండి. కొత్త వెర్షన్ పాత ప్రాజెక్టును తెరిచి తన రూపంలోకి మార్చుకుని దాచేస్తే ఆ ఫైలు తిరిగి పాతదానిలో తెరుచుకోదు. సగంలో ఉన్న పనులన్నీ పాతదానిలోనే ముగించండి. అవసరమైన ప్రాజెక్టు ఫోల్డర్లకు నకళ్ళు తీసి ఆ నకళ్ళనే కొత్తదానికి చూపించండి. పాత ఇన్‌స్టాలర్ ఫైలు, సీరియల్ నంబరు, కొన్నప్పటి రసీదు ఈమెయిల్ మూడూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, అసలు వీడియోలున్న హార్డ్‌డిస్కులోకే చేర్చండి. పాతదాన్ని కొత్త కంప్యూటర్ మీదికి మార్చే ఆలోచన ఉంటే, పాత కంప్యూటర్ ఇంకా తెరుచుకుంటుండగానే దాంట్లో డీయాక్టివేట్ చేయాలి. లైసెన్సు లెక్కించే సర్వర్ అటువైపు పనిచేస్తున్నంత కాలమే ఆ పని కుదురుతుంది.